శిష్యులను స్థాపకులుగా తీర్చిన బ్యాండు మాస్టరు



సంగీతచరిత్రను వ్రాయువారు తమ గ్రంథములను సాధారణముగా మహాగాయకుల పేర్లతోను, రచయితల పేర్లతోను నింపుదురు. నూర్గురిని ఒక్కచోట కూర్చి, అందఱి ఊపిరిని ఒక్క నాదముగా మార్చుటకై తన ఆయుర్దాయమును వెచ్చించిన వాద్యబృంద శిక్షకుని పేరు ఆ గ్రంథములలో ఒక పంక్తికైనను నోచుకొనుట అరుదు. అట్టి శిక్షకులలో అగ్రగణ్యుడైన బోహుమిల్ మకోవ్‌స్కీ అను నొక బోహీమియా దేశీయుని గూర్చి ఈ పూట నాలుగు మాటలు మనవి చేయదలచినాను. ఆయన అమెరికా దేశమునకు వలసపోయి, ఓక్లహోమా రాష్ట్రమందలి స్టిల్‌వాటర్ అను చిన్నపట్టణపు కళాశాలలో 28 సంవత్సరములు సంగీతము నేర్పెను. అక్కడ ఆయన శిష్యులు 1919లో కప్పా కప్పా సై అను పేర కళాశాల వాద్యకారుల సోదర సంఘము నొకదానిని నెలకొల్పగా, అది ఆ విశాలదేశమున వందలాది కళాశాలలకు వ్యాపించెను. ఆ సంఘమువారు ఆయనను నేటికిని తమ మార్గదర్శకుడని భక్తితో స్మరింతురు. అయితే సంఘమును స్థాపింపవలెనను తలంపు ఆయనది కాదు. ఆయన బృందములో వాయించిన యొక విద్యార్థిది. ఆయన గొప్పతనమంతయు ఈ యొక్క సంగతియందే యిమిడియున్నదని నా విశ్వాసము.

మకోవ్‌స్కీ 1878వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బోహీమియాలోని ఫ్రాంటిష్కీ అను పల్లెలో జన్మించెను. నేడు చెక్ గణతంత్రమున చేరిన ఆ దేశము అప్పుడు ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి యేలుబడిలో నుండెను. చెక్ జాతివారికి స్వరాజ్యము లేకున్నను సంగీతమున మాత్రము వారెవరికిని లొంగియుండలేదు. చెక్‌వాడైనచో వాద్యకారుడే యను సామెత ఆ జాతివారి నోట తరతరములుగా వినవచ్చుచున్నది. 1772లో ఆ ప్రాంతమున సంచారము చేసిన చార్లెస్ బర్నీ అను ఆంగ్ల సంగీతచరిత్రకారుడు, పల్లెటూరి బడులలో చదువుతోపాటు బాలబాలికలకు వాద్యములు గూడ నేర్పుచుండుటను కన్నులార చూచి, ఆశ్చర్యముతో తన గ్రంథమున వర్ణించెను. అక్కడి బడిపంతులు చర్చిలో ఆర్గన్ వాయించును, గాయకబృందమును నడపును, పగలు లెక్కలు చెప్పిన పిల్లలకే సాయంకాలము ఫిడేలు చేతికిచ్చును. దానికి తోడు చక్రవర్తి సైన్యమున పనిచేసి యిండ్లకు మరలిన బ్యాండువారు ఊరూర పెండ్లిండ్లకును, జాతరలకును, శవయాత్రలకును బాకాలు, క్లారినెట్లు వాయించుచుండిరి. సంగీతము కొందఱి విద్య గాక ఊరందఱి సొత్తై యుండిన యట్టి గాలిలో మకోవ్‌స్కీ బాల్యము గడచెను. ఆ తరువాత ఆయన అమెరికాలో చేసిన కృషి యంతయు ఆ పల్లె సంప్రదాయమును కొత్త నేలపై తిరిగి నాటుటయే యని చెప్పవచ్చును.

పదునేడేండ్లు నిండియు నిండని వయసున, 1895లో, ఆయన తన సోదరితో గూడి సముద్రము దాటి అమెరికా చేరెను. అదే సంవత్సరము ఏప్రిల్ మాసమున, చెక్ జాతి సంగీతకర్తలలో జగద్విఖ్యాతుడైన ఆంటోనిన్ డ్వోర్జాక్, న్యూయార్కులోని జాతీయ సంగీత విద్యాలయమునకు మూడు సంవత్సరములు అధ్యక్షుడై యుండి, తన ప్రసిద్ధమైన ‘నూతన ప్రపంచ సింఫనీ’ని అక్కడనే రచించి, స్వదేశమునకు మరలిపోయెను. సమ్మానితుడై వచ్చిన మహారచయిత తిరిగి యింటికి వెళ్ళిన యేటనే, ఊరు పేరు లేని యొక కుఱ్ఱవాడు అదే దేశమున అడుగుపెట్టెను. డ్వోర్జాక్ మహానగరపు సభాశాలలకు చెక్ సంగీతపు రుచి చూపెను. ఈ కుఱ్ఱవాడు పొలముల నడుమ వెలసిన పట్టణములకు ఆ విద్యను మోసికొని పోయెను. రెండవ పని మొదటిదానికన్న తక్కువదని నేననుకొనను.

నెబ్రాస్కా రాష్ట్రమున క్లార్క్‌సన్ అను చెక్ వలసవారి గ్రామమున ఆయన స్థిరపడెను. ఆ బయళ్ళలో చెక్ కుటుంబములు పడిన పాట్లను విల్లా క్యాథర్ అను అమెరికన్ రచయిత్రి 1918లో ప్రకటించిన ‘మై ఆంటోనియా’ నవలలో హృదయవిదారకముగా చిత్రించినది. ఆ నవలలో షిమెర్డా అను వృద్ధుడు స్వదేశమున ఫిడేలు వాయించి పేరు గాంచినవాడు. కొత్త దేశమునకు వచ్చిన పిమ్మట ఆ ఫిడేలును ముట్టనైన ముట్టక, దిగులుతో మొదటి శీతకాలముననే కన్నుమూయును. కల్పితపాత్రయైనను ఆ వృద్ధుని దుఃఖము యథార్థమైనది. మాతృభూమిని విడిచివచ్చిన వేలకొలది జనులలో పాట ఎండిపోయి యుండవచ్చును. మకోవ్‌స్కీ విషయమున అట్లు జరుగలేదు. ఆయన ఫిడేలును, క్లారినెట్టును సాధన చేసెను. తోడివారితో కలిసి వాయించెను. వాయించుటతో తృప్తిపడక, ఇతరులచేత వాయింపజేయు విద్యవైపు మరలెను.

పిమ్మట ఆయన దక్షిణమున ఓక్లహోమాకు తరలివెళ్ళెను. ఆ ప్రాంతపు చరిత్రను రెండు మాటలలో చెప్పవలసి యున్నది. అమెరికా ఆదిమజాతులను వారి పూర్వస్థానములనుండి వెడలగొట్టి, ఇది మీకు శాశ్వతమని చెప్పి యిచ్చిన భూములవి. ఆ మాటను ప్రభుత్వము నిలుపుకొనలేదు. 1889 ఏప్రిల్ 22వ తేదీన మధ్యాహ్నము తుపాకి మ్రోగగనే, సరిహద్దున వేచియున్న వేలకొలది జనులు గుఱ్ఱములమీదను, బండ్లమీదను పరుగిడి, ఎవరికి చిక్కిన నేల వారు ఆక్రమించుకొనిరి. ఉదయము గడ్డిబీడుగా నున్న చోట సాయంకాలమునకు డేరాల పట్టణము వెలసెను. 1907 నవంబరు 16వ తేదీన ఓక్లహోమా రాష్ట్రప్రతిపత్తి నొందెను. అట్లు ఒక్క తరములో పుట్టుకొచ్చిన ఊళ్ళకు తాతముత్తాతల సంప్రదాయములు లేవు. నలుదిక్కులనుండి వచ్చిన జనులకు పరస్పర పరిచయమును లేదు. రేడియో ప్రసారములు ఇంకను మొదలుకాలేదు. గ్రామఫోను అందఱికి అందుబాటులో లేదు. ఆ దినములలో ఊరికొక బ్యాండు, ఊరి నడుమ దాని కొఱకొక మండపము ఉండుట పౌరగౌరవమునకు గుర్తుగా నుండెను. మంగలియు, బ్యాంకు గుమాస్తాయు, వడ్రంగియు, పాఠశాల విద్యార్థియు పక్కపక్క కూర్చుండి ఒకే కాగితము చూచి వాయించుచున్నప్పుడు, అప్పటివరకు జనసమూహముగా నున్నది ఊరుగా మారుచుండెను. మకోవ్‌స్కీ ఓక్లహోమా నగరమున వాద్యబృందములను నడపి, ఆ రాష్ట్రపు సంగీతజీవనమున తనకొక స్థానమును సంపాదించుకొనెను.

1915లో స్టిల్‌వాటర్ పట్టణమందలి ఓక్లహోమా వ్యవసాయ యాంత్రిక కళాశాల ఆయనను సంగీతశాఖకు పెద్దగాను, బ్యాండు నాయకునిగాను ఆహ్వానించెను. నేడు ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయమని పిలువబడు సంస్థ యదియే. ఆ పేరు 1957లో వచ్చినది. 1862లో అబ్రహాము లింకను సంతకము చేసిన మోరిల్ శాసనము ననుసరించి, రైతుల బిడ్డలకును పనివారి బిడ్డలకును వ్యవసాయమును, యంత్రవిద్యను నేర్పుటకై ఏర్పడిన కళాశాలలలో అది యొకటి. 1890లో కాగితముమీద పుట్టి, 1891లో తన మొదటి తరగతులను ఊరి చర్చీలలో నడపుకొని, 1894లో గాని సొంతభవనమునకు నోచుకొనలేదు. అట్టి కళాశాలలలో సంగీతమునకు తావెక్కడిదని మీరడుగవచ్చును. ఆ శాసనముననే సైనికశిక్షణ గూడ బోధనీయాంశముగా పేర్కొనబడి యుండుటచే, విద్యార్థులు యూనిఫారములు ధరించి కవాతు చేయవలసివచ్చెను. కవాతునకు అడుగు కలుపుటకు బ్యాండు కావలసివచ్చెను. అమెరికా కళాశాలలలో పెక్కింటి వాద్యబృందములు ఈ విధముగా సరస్వతీమందిరమున వెనుకవాకిటినుండి ప్రవేశించినవే. కవాతు మైదానమున అడుగు కలుపుటకు పుట్టిన యొక సాధనమును కళగాను, విద్యగాను పెంపొందించుట మకోవ్‌స్కీ వంటి గురువుల కర్తవ్యమాయెను.

ఆ పని యెట్టిదో కొంచెము దగ్గఱనుండి పరిశీలింతము. అభ్యాసమునకు కూర్చున్న విద్యార్థులు మొదట శ్రుతి కలుపుకొనవలెను. మన సంగీతమున తంబురా శ్రుతిని పట్టియుంచును. బ్యాండులో అట్టి నిలుకడగల ఆధారము లేదు. గాలివాద్యములు వాతావరణమునకు లోబడినవి. చలి వేసిన నాడు గొట్టములోని గాలి చల్లబడి శ్రుతి దిగజారును. ఎండ కాసిన నాడు పైకెక్కును. ఓక్లహోమాలో వేసవి మండును, శీతకాలము గడ్డకట్టించును. ఒకే దినమున ప్రొద్దున కలిసిన శ్రుతి మధ్యాహ్నమునకు నిలువదు. కనుక క్లారినెట్ వాయించువాడు తన వాద్యపు మూతికి దిగువనున్న చిన్నతునకను వెండ్రుకవాసి వెలికి లాగును; కార్నెట్ వాయించువాడు వంపుగొట్టమును జరుపును; ఒక్కొక్కడు తన పక్కవానిని విని, తన్ను తాను సవరించుకొనును. పక్కవానిని వినువానికే తన అపశ్రుతి తెలియును. బ్యాండు విద్యార్థికి మొదటి దినమున అలవడవలసిన గుణము వినయముతో గూడిన యీ శ్రద్ధయే.

ఇక మార్చి అను కవాతు బాణీని వాయించునపుడు ఏ వాద్యమున కే పని యున్నదో చూడుడు. నిమిషమునకు సుమారు 120 అడుగుల నడకలో, ట్యూబా యనబడు పెద్దకొమ్ము కాలు నేల తాకిన ప్రతిసారియు బరువైన స్వరమును వేయును. ఫ్రెంచి కొమ్ములు ఆ స్వరమునకును తరువాతి స్వరమునకును నడుమ నున్న ఖాళీలో, నిమిషముల తరబడి, ఒక్కటే చిన్నపలుకును పలుకుచుండును. కార్నెట్లు రాగమును పాడును. క్లారినెట్లు సింఫనీ బృందములో ఫిడేళ్ళు చేయు పనియంతయు తమ మీద వేసికొని, పరుగుల వెంట పరుగులు తీయును. బారిటోన్ కొమ్ము లోపలనుండి మఱొక పాటను అల్లును. పికలో అను చిన్నవేణువు అన్నిటికి పైన మెఱయును. మైదానము చుట్టు నిలిచియున్న ప్రజలకు వినబడునది కార్నెట్ల పాటయే. అయితే కొమ్ము వాయించు కుఱ్ఱవాడు ఒక్కసారి తన పలుకును తప్పించెనా, కార్నెట్ల పాట కుంటును. వందమంది అడుగు చెదరును. రథోత్సవమున మోకు పట్టినవారిలో ముందువాని ముఖమే జనులకు కనబడినను, వెనుకనున్నవాడు పట్టు సడలించినచో రథము కదలదు గదా. ఎవరికిని వినబడని తన పలుకునకు తానే కాపలాయై, చప్పట్లను కోరక, సంవత్సరములకొలది దానిని సరిగా పలుకుట యొక తపస్సు. ఇట్టి తపస్సును పదునెనిమిదేండ్ల పిల్లవానికి రుచింపజేయువాడే బ్యాండు మాస్టరు.

విద్యార్థులు మకోవ్‌స్కీని ‘బో’ అని ముద్దుగా పిలుచుకొనెడివారు. అమెరికాలో ఒక ఆచార్యుని పేరును అంత పొట్టిచేసి పిలుచుట చనువునకును, ప్రేమకును గుర్తు. పరాయిగడ్డపై పుట్టి, పరాయిభాష మాటలాడుచు పెరిగినవానిని రైతుబిడ్డలు తమవానినిగా చేసికొనిరన్నమాట.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగెను. కళాశాలలు సైనికశిబిరములాయెను. యువకులు తరగతులు విడిచి పోయిరి. 1918 నవంబరులో యుద్ధము ముగిసెను. మరుసటి సంవత్సరమున కళాశాలలు తిరిగి కళకళలాడసాగినపుడు, బ్యాండులో వాయించుచుండిన విలియం ఏ. స్క్రాగ్స్ అను విద్యార్థికి ఒక తలంపు పుట్టెను. అమెరికా విద్యాలయములలో గ్రీకు అక్షరముల పేర విద్యార్థి సంఘములు నెలకొల్పుకొను ఆచారము 1776లో ఫై బీటా కప్పా సంఘముతో మొదలైనది. పాండిత్యమున కొక సంఘము, ఇంజనీరింగున కొకటి, న్యాయశాస్త్రమున కొకటి, ఈ విధముగా ఆయా విద్యలలో నిష్ణాతులైనవారిని గుర్తించి గౌరవించు సంఘములు అప్పటికే పెక్కులుండెను. ఎండలో వానలో నిలిచి, ప్రతి ఉత్సవమునకును ప్రతి ఆటకును ఊపిరి పోసి, ఎవరి మెప్పునకును నోచుకొనక యింటికి పోవు బ్యాండు విద్యార్థికి అట్టి గౌరవమేల లేదు? వాని సేవకు గుర్తింపును, వాని బృందమునకు అండయు, వేర్వేరు కళాశాలల వాద్యకారులకు పరస్పర మైత్రియు కల్పించు సంఘ మొకటి యేల ఉండరాదు? ఇది స్క్రాగ్స్ వేసిన ప్రశ్న. అతడీ విషయమును తన తోడివాడైన ఏ. ఫ్రాంక్ మార్టిన్‌తోను, గురువైన మకోవ్‌స్కీతోను ప్రస్తావించెను.

గురువు ఆ తలంపును కొట్టివేసి యుండవచ్చును. విద్యార్థుల ఉత్సాహములు మూడునాళ్ళ ముచ్చటలని తెలిసిన పెద్దలు నవ్వి ఊరకుందురు. లేదా తలంపును మెచ్చుకొని, దానిని తన చేతికి తీసికొని, తన పేర సంస్థను నడపుకొనవచ్చును. అదియు లోకమున కద్దు. మకోవ్‌స్కీ ఈ రెండును చేయలేదు. ఆ తలంపు విద్యార్థులదిగానే యుండనిచ్చి, దానికి తన అనుభవమును, పలుకుబడిని, ప్రోత్సాహమును తోడుచేసెను. బ్యాండులో శ్రేష్ఠులని తోచిన పదుగురు ఎన్నుకొనబడిరి. 1919 నవంబరు 27వ తేదీన, అమెరికావారు భగవంతునికి కృతజ్ఞత తెలుపుకొను థాంక్స్‌గివింగ్ పండుగనాడు, ఆ పదుగురు విద్యార్థులతో కప్పా కప్పా సై సంఘ మవతరించెను. స్థాపకుల జాబితాలో నున్నవి ఆ పది పేర్లే. గురువు పేరు అందులో లేదు. ఆయనకు దక్కినది ‘మార్గదర్శకుడు’ అను బిరుదము మాత్రమే. నా దృష్టిలో ఇంతకన్న పెద్ద బిరుదము బోధకునకు లేదు. తాను స్థాపకుడగుట ఒక విజయము. స్థాపకులను తయారుచేయుట మఱియొక యంతస్తునకు చెందిన విజయము.

ఆ సంఘపు ఆశయములు ఐదు. కళాశాల బ్యాండుల అభ్యుదయమునకు పాటుపడుట. వాద్యకారులలో ఉత్తములను గౌరవించుట. వారిలో నాయకత్వమును పెంచి కళాశాల జీవనమున బ్యాండునకు మన్నన తెచ్చుట. కళాశాలల బ్యాండుల నడుమ మైత్రిని పాదుకొల్పుట. బ్యాండు సేవలో నున్నవారికి స్నేహమును, వినోదమును కల్పించుట. మాటలలో వీటిని చెప్పినపుడు అవి యే సంఘపు నియమావళిలోనైన కనబడు వాక్యములవలె తోచును. ఆచరణలో వాని రూపము చాల నిరాడంబరము. కుర్చీలు సర్దుట, స్వరపత్రములను లెక్కపెట్టి బీరువాలో పెట్టుట, ప్రయాణమునకు ముందు డ్రమ్ములను బండి కెక్కించుట, కొత్తగా చేరిన పిల్లవానికి యూనిఫారము గుండీలు పెట్టుకొనుట చూపుట, ఊరికి వచ్చిన పరాయి బ్యాండువారికి మంచినీళ్ళందించుట: ఈ సంఘపు సభ్యులు గౌరవముగా భావించి చేయు పనులు ఇట్టివి. ఉత్తముడని గుర్తింపు పొందినవానికి లభించునది సింహాసనము కాదు, మఱింత చాకిరి. గౌరవమును సేవతో ముడివేసిన యీ నియమము నన్ను మిక్కిలి ఆకర్షించినది. అత్యున్నతమైన దానికై పాటుపడవలెనను మాటను వారు తమ నినాదముగా స్వీకరించిరి.

సంఘము స్టిల్‌వాటర్‌లో పుట్టి అక్కడనే నిలువలేదు. మాంటానా రాష్ట్రకళాశాలకును, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకును ప్రాకి, క్రమముగా దేశమంతట అల్లుకొనెను. మకోవ్‌స్కీ దాని రెండవ జాతీయాధ్యక్షుడుగా పనిచేసెను. స్థాపకులలో నొకడైన మార్టిన్ దీర్ఘకాలము కార్యనిర్వహణభారమును మోసెను. ఆ దశాబ్దములలోనే అమెరికాలో బ్యాండు సంగీతమునకు విద్యాలయములు ప్రధానాశ్రయము లగుచుండెను. జాన్ ఫిలిప్ సౌసా వంటి మహానాయకులు తమ సొంత బృందములతో దేశమంతట తిరిగి కచేరీలు చేయు యుగము చల్లబడుచుండెను. సినిమాయు, రేడియోయు, మోటారుబండియు ఊరి మండపమును ఖాళీ చేయుచుండెను. 1923లో షికాగోలో పాఠశాల బ్యాండులకు జాతీయస్థాయి పోటీ జరిగెను. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ ఆస్టిన్ హార్డింగ్ 1905 మొదలు నాలుగు దశాబ్దములకు పైగా కళాశాల బ్యాండును సింఫనీ బృందపు స్థాయికి ఎత్తుచుండెను. ఊరి మండపమునుండి దిగిన సంగీతమును పడిపోనీయక పాఠశాలకు చేర్చిన తరమువారిలో స్టిల్‌వాటర్ గురువు ఒకడు.

ఇంత మంచిని చెప్పుచు, ఆ కాలపు లోపములను దాచుట న్యాయము కాదు. కప్పా కప్పా సై మొదట మగవారి సంఘము. బ్యాండులో వాయించు బాలికలకు దానిలో చోటు లేకుండెను. టెక్సాస్ టెక్ కళాశాలలో వేవా బేన్స్ అను విద్యార్థిని, తమకును అట్టి సంఘము కావలెనని పట్టుబట్టి, తోడి విద్యార్థినులను కూడగట్టి, సంవత్సరములపాటు ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ఆమె కృషి ఫలించి 1946లో టావ్ బీటా సిగ్మా అను సోదరీసంఘము చట్టబద్ధముగా ఏర్పడెను. స్టిల్‌వాటర్ కళాశాలయే దాని మొదటి శాఖకు నెలవాయెను. మకోవ్‌స్కీ జీవించియుండగనే ఇది జరిగినది. 1977నాటికి రెండు సంఘముల తలుపులును స్త్రీపురుష భేదము లేక అందఱికిని తెఱువబడెను. ఇంకొక అన్యాయము మఱింత పెద్దది. స్టిల్‌వాటర్ కళాశాలలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశము 1949 వరకు లేనేలేదు. నాన్సీ రాండాల్ఫ్ డేవిస్ అను ధీరవనిత ఆ యేడు మొదటిసారిగా ఆ గడప దాటినది. అప్పటికి మకోవ్‌స్కీ పదవినుండి విరమించి ఆరేండ్లాయెను. అందఱి గొంతులను ఒక్క నాదము చేయునదే బ్యాండు అను సత్యమును ఆ దేశము బ్యాండు గదిలో నేర్చుకొన్నంత త్వరగా కళాశాల వాకిట నేర్చుకొనలేదు. ఈ విచారము ఆ చరిత్రలో భాగము.

మకోవ్‌స్కీ 1943లో ఉద్యోగవిరమణ చేసెను. 1947లో, కప్పా కప్పా సై వారి పూనికపై, వివిధ కళాశాలల వాద్యకారులను ఎంపికచేసి కూర్చిన జాతీయ అంతర్‌కళాశాల బ్యాండు మొదటి కచేరీ జరిగెను. రెండేండ్లకొకసారి సంఘమహాసభలతోపాటు ఆ బ్యాండు సమావేశమగుట నేటికిని ఆచారముగా నున్నది. దానికొఱకు సమకాలిక రచయితలచేత నూతన రచనలను వ్రాయించు కార్యక్రమమును రెండు సంఘములును కలిసి నడపుచున్నవి. ఆ మొదటి కచేరీ జరిగిన మూడు సంవత్సరములకు, 1950 జూన్ 12వ తేదీన, మకోవ్‌స్కీ పరమపదించెను. ఆయన పేర ఆ సంఘము ఉత్తమ కళాశాల బ్యాండు నాయకులకు స్మారక పురస్కారము నిచ్చుచున్నది. సంఘపు జాతీయకార్యాలయము స్టిల్‌వాటర్‌లోనే, శాంటా ఫే రైలు మార్గపు పాతస్టేషను భవనమున వెలసినది. ఆ స్టేషనును 1915లో కట్టిరి. మకోవ్‌స్కీ ఆ ఊరి కొలువులో చేరినదియు ఆ సంవత్సరమే.

ఆ సంఘసభ్యులలో ఒకని పేరు మన పల్లెలలోని బడిపిల్లలకును తెలిసినదే. 1969 జూలైలో చంద్రమండలముపై మొదటి అడుగు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, పర్డ్యూ విశ్వవిద్యాలయమున చదువుకొను కాలమున అక్కడి బ్యాండులో బారిటోన్ కొమ్ము వాయించెను; అతడు కప్పా కప్పా సై సభ్యుడు. లోపలనుండి పాట నల్లు వాద్యమని యిందాక నేను మనవి చేసినది దానినే. లోకమంతయు కన్నులప్పగించి చూచిన ఆ ఘనకార్యము లక్షలాది పనివారి లెక్కకు, పట్టుకు ఫలితము. ఆ లక్షలలో ఏ యొక్కరు తప్పిపోయినను నెరవేరెడిది కాదు. అతని ధైర్యమును బ్యాండే నేర్పినదని నేననను. పదుగురితో కలిసి పనిచేయు పద్ధతిని నేర్పిన బడులలో అదియు నొకటి యని మాత్రము అనవచ్చును.

మన తెలుగునాట సంగీతవిద్య యొక గురువు, ఒక శిష్యుడు ఎదురెదురుగా కూర్చుండి సాగించునది. ఆ పద్ధతి మనకు ప్రసాదించిన మహావిద్వాంసులను తలచుకొన్నపుడు ఎవరి తల వంగదు? అయినను, నలుబదిమంది పిల్లలను ఒక్కచోట కూర్చి వాయింపజేయు విద్యను మనము పెండ్లి ఊరేగింపుల బ్యాండుమేళమునకును, పోలీసుబ్యాండునకును విడిచిపెట్టి, చదువుల గడప దాటనీయలేదు. క్లారినెట్టును, కార్నెట్టును చేతబట్టి మన వీథులలో అర్ధరాత్రివేళ నడచిపోవు మేళగాండ్ర విద్యను మనము విద్యగా లెక్కించితిమా? వారిలో ఎందఱో తండ్రివలన కొడుకు నేర్చి, కాగితమునందలి స్వరముల సాయమైన లేక, చెవితోనే ఎంతటి పాటనైనను పట్టుకొనగలవారు. ఆ విద్య కొకనాడు మన కళాశాలలు కుర్చీ వేసి కూర్చుండబెట్టినచో, సంగీతము వచ్చిన బిడ్డలతోపాటు, పక్కవానిని వినగల బిడ్డలును మనకు లభింతురు. నేడు ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు తెలుగునాటినుండి పైచదువులకై వెళ్ళుచున్న యువతీయువకులు గలరు. వారు అక్కడి బ్యాండు అభ్యాసమును ఒక్కసారి చూచి, తాము నేర్వబోవు శాస్త్రములకు తోడుగా ఈ శాస్త్రమును గూడ గమనించినచో, ఆ ప్రయాణము రెండింతలు సార్థకమగును.

మకోవ్‌స్కీ ప్రసిద్ధమైన రచనలు చేసిన సంగీతకర్త కాడు. లోకమంతయు వాయించు సింఫనీలు ఆయన పేర లేవు. 28 సంవత్సరములు ఒకే యూరిలో, ఒకే కళాశాలలో, ఏటేట మాఱు పిల్లలకు మొదటినుండి శ్రుతి కలుపుట నేర్పెను. నాలుగేండ్లలో తయారైన వాద్యకారుడు పట్టా పుచ్చుకొని వెళ్ళిపోవును. కొత్తవాడు అపశ్రుతితో వచ్చి ఆ కుర్చీలో కూర్చుండును. అధ్యాపకవృత్తిలో నున్న ప్రతివారికిని తెలిసిన శ్రమ యిది. పూర్తియైన కట్టడమును చూచు భాగ్యము బోధకునకు లేదు. వాని కట్టడము నడచి వెళ్ళిపోవుచుండును. అట్లు నడచి వెళ్ళినవారు తమంతట తాము మఱొకదానిని కట్టుటకు పూనుకొన్ననాడు, పక్కకు తొలగి చోటిచ్చి, అవసరమైనపుడు చేయి యందించి, పేరును వారికే విడిచిపెట్టుట గురుత్వమునకు పరాకాష్ఠ. మన బడులలోను, కళాశాలలలోను పిల్లలు ఏదేని కొత్తతలంపుతో మన ముందుకు వచ్చి నిలిచినపుడు, వారిని వెనుకకు పంపక, ఆ తలంపును మనము లాగికొనక, స్థాపకులు కండని ధైర్యము చెప్పగలిగితిమేని, స్టిల్‌వాటర్‌లో ఆ బ్యాండు మాస్టరు చేసిన పనిని మనమును చేసినవారమగుదుము.